లిస్బన్ యాత్ర పుస్తకంలోని తప్పుల గురించి నాలుగోసారి రాస్తున్న ఫిర్యాదు

మేనేజరు గారికి,

పోర్చుగల్ మర్యాదలు, మాటల గురించి మీరు మాకు పంచిన చిన్న పుస్తకం తప్పులతడక అని మొదటిసారి రాసినప్పుడు నాకు కోపం లేదు. రెండు నెలలుగా మీ దగ్గర ఒక్కరూ నా మాట పూర్తిగా వినలేదు. కోపం అందుకు వచ్చింది.

మొదట ఫోనెత్తిన అమ్మాయి "మేడమ్, మీకు ఎన్ని యూరోలు నష్టం?" అని అడిగింది. డబ్బు సంగతి కాదమ్మా అనేలోగా వేరే విభాగానికి కలిపింది. అక్కడ ఇరవై నిమిషాలు సంగీతం విన్నాను. తరువాత వచ్చినాయన బుకింగ్ నంబరు మూడుసార్లు చెప్పించుకుని, "స్పెయిన్ భాష, వాళ్ల భాష ఒకటేగా అండీ" అన్నారు. మరొకాయన సాయంత్రంలోగా పై అధికారి ఫోన్ చేస్తారన్నారు. ఇంతవరకూ ఎవరూ చేయలేదు. మూడు ఈమెయిళ్లకూ ఒకటే జవాబు: "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది."

ఆ రెండు భాషలూ ఒకటి కాదండీ. లిస్బన్ పాతపేట అల్ఫామాలో ఒక మిఠాయి కొట్టులో ధన్యవాదాలు చెప్పడానికి మీ పుస్తకం చూసి "గ్రాసియాస్" అన్నాను. అది స్పానిష్ మాట. కొట్టు నడిపే పెద్దావిడ ముఖంలో నవ్వు మాయమైంది. చిల్లర నా చేతిలో పెట్టి, "ఒబ్రిగాద" అని రెండుసార్లు నాతో పలికించింది. పోర్చుగీసులో ఆడవారు ధన్యవాదాలు చెప్పే మాట అది; మగవారైతే "ఒబ్రిగాదు" అంటారట. 1580 నుంచి 1640 దాకా స్పెయిన్ రాజుల కింద ఉండి, బయటపడిన డిసెంబరు 1ని ఇప్పటికీ సెలవుగా జరుపుకునే దేశమది. అక్కడికి స్పానిష్ మాటలు అచ్చువేసి పంపుతారా?

అడగకుండానే బల్లమీద పెట్టే రొట్టె, ఆలివ్ కాయలు ఉచితమని రాశారు. దాన్ని "కువేర్" అంటారు. వద్దంటే తీసుకుపోతారు, తింటే బిల్లులో వేస్తారు. మా బృందంలోని పెద్దాయన వెయిటర్ మోసం చేశాడని అందరి ముందూ కేకలేశారు. ఆ కుర్రాడు మెనూ తెచ్చి, ఆ ధర ఉన్న వరుస మీద వేలు పెట్టి నిలబడ్డాడు. మేం తలెత్తలేకపోయాం. ఫాదు అనే వాళ్ల సంప్రదాయ పాటలు పాడేటప్పుడు మాట్లాడకూడదన్న ముక్క కూడా మీ పుస్తకంలో లేదు.

2016 నుంచి మీతో నాలుగు యాత్రలు చేశాను. మా చెల్లెలి కుటుంబాన్నీ, మా వీధిలో మూడు ఇళ్లవారినీ మీ దగ్గరికే పంపాను. ఆ మాత్రం చనువుతోనే అడుగుతున్నాను: తరువాతి బృందం బయలుదేరేలోగా పుస్తకం సరిచేయించండి. నాకు సంతకంతో జవాబు రాయండి. పదిహేను రోజుల్లో రాకపోతే ఈ కాగితాలన్నీ పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ దగ్గరికి పంపినవారందరికీ నేనే ఫోన్ చేసి జరిగింది చెబుతాను.

ఇట్లు,
లిస్బన్ వెళ్లొచ్చిన మీ పాత యాత్రికురాలు