సింహాలకు ముఖకవళికలేవీ?

పాత బొమ్మల సినిమాలను ‘నిజమైన’ జంతువుల్లా కనిపించే గ్రాఫిక్స్‌తో మళ్లీ తీస్తున్నవాళ్లు కథలోని ప్రాణాన్ని వదిలేస్తున్నారు. 2019లో వచ్చిన ‘లయన్ కింగ్’ను ఆరేళ్ల మనవడితో కలిసి తెలుగులో చూశాను. తండ్రి సింహం చనిపోయిన చోట వాడు నా చెవిలో, ‘తాతయ్యా, చిన్న సింహం ఏడుస్తోందా, నిద్రొస్తోందా?’ అని అడిగాడు. 1994 నాటి బొమ్మల్లో ఆ పిల్ల సింహం కనుబొమలు వంగేవి, కన్నీళ్లు కనిపించేవి. కొత్తదాంట్లో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు గానీ, ముఖం మాత్రం డిస్కవరీ చానెల్లో సింహానిదే. ఆ కాస్త భావమూ నాని, జగపతిబాబుల గొంతుల్లోంచే వచ్చింది. (ఇంటికొచ్చి పాతది పెడితే మావాడు అదే చోట భోరుమన్నాడు.) ఏనాడో 1951లో, కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న ‘పాతాళ భైరవి’లో ఎస్.వి.రంగారావు గడ్డం నిమురుతూ కళ్లు తిప్పితే చాలు, పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేవారు. అప్పుడు కంప్యూటర్లు ఎక్కడివి? కాశీమజిలీల్లో ఇంకా తెరకెక్కని కథలు బోలెడున్నాయి. మన నిర్మాతలు వాటిని మంచి నటులతో, రెండు గంటలు దాటకుండా తీయాలి. అలాంటి బాలల చిత్రాలకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ పన్ను రాయితీ ఇచ్చి, ఆదివారం ఉదయం ఆటను తక్కువ టికెట్టుతో వేయించాలి.

– ఒక తాతయ్య, రాజమహేంద్రవరం