యంత్రం యజమానిదైతే కూలీ కాంట్రాక్టరెలా అవుతాడు?

సంపాదకులు గారికి,

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో చదరపు అడుగుల లెక్కన కూలి తీసుకునేవారిని కొందరు యజమానులు ‘కాంట్రాక్టర్లు’గా రాయించుకుని, వేళ్లు నలిగితే తమకు సంబంధం లేదనడం ఘోరమైన అన్యాయం. యంత్రం, కరెంటు, రాయి యజమానివే. పలక ఎంత నునుపు తేలాలో చెప్పేదీ, నచ్చకపోతే మళ్లీ పాలిష్ పట్టించేదీ ఆయనే. సొంత పనిముట్లతో, సొంత మనుషులతో గుత్తకు ఒప్పుకుని లాభనష్టాలు భరించేవాడి సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దర్జీల కేసులో సుప్రీంకోర్టు 1973లోనే, కుట్టుమిషన్లు దుకాణానివే కావడాన్నీ, బాగాలేని కుట్టును తిరస్కరించే హక్కు యజమానికి ఉండడాన్నీ లెక్కలోకి తీసుకుని, ముక్క లెక్కన కూలి ఇచ్చినంత మాత్రాన పనివాడు ఉద్యోగి కాకుండా పోడని తేల్చింది. కార్మిక శాఖ అధికారులు సంతకాల కాగితాలతో సరిపెట్టుకోక, యూనిట్లలోకి వచ్చి పని జరిగే తీరు చూడాలి.

— ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల, కడప జిల్లా