మూడు రోజుల గడువులో కొత్త ఓటు ఎక్కదు: రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి నమస్కారాలతో,

పంచాయతీ, మండల పరిషత్ ఓటరు జాబితాలను ఊరి స్థాయిలో సరిచూసే పనిలో ఉన్నవాళ్లం రాస్తున్న లేఖ ఇది. ఏ రోజు దాకా అసెంబ్లీ జాబితాలో చేరిన పేర్లు లెక్కలోకి వస్తాయో, రాబోయే ప్రతి స్థానిక ఎన్నికకూ ముందు మీ కార్యాలయం ఆ తేదీ ప్రకటించాలని అడుగుతున్నాం. ఎందుకో వివరంగా చెబుతాం.

2025 ఆగస్టు 28న గ్రామ పంచాయతీల్లో వార్డులవారీ ముసాయిదా జాబితాలు పెట్టారు. అభ్యంతరాలకు 30వ తేదీ దాకా గడువిచ్చారు. 31న పరిష్కారం, సెప్టెంబరు 2న తుది జాబితా. ఇంత తక్కువ గడువులో పంచాయతీ ఆఫీసుకు వచ్చి "నా పేరు లేదు, రాసుకోండి" అన్నవాళ్లకు కార్యదర్శి చేయగలిగింది ఏమీ లేదు. ఆయన దగ్గర కొత్త పేరు ఎక్కించే అధికారమే లేదు. మీ కమిషన్ సొంతంగా ఓటర్లను నమోదు చేయదు. అసెంబ్లీ ఓటరు జాబితాను తీసుకుని దాన్ని వార్డులుగా విడగొడుతుంది. అసెంబ్లీ జాబితాలో లేని మనిషి పంచాయతీ జాబితాలోకి రాలేడు. అసెంబ్లీ జాబితాలోకి ఎక్కాలంటే కొత్త ఓటు దరఖాస్తు అయిన ఫారం 6 నింపి, నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి, అంటే ఈఆర్‌ఓ, దగ్గర ఆమోదం పొందాలి. దరఖాస్తు వచ్చాక ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఈఆర్‌ఓ ఏడు రోజులు ఆగాలని నిబంధన. పోలింగ్ బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌ఓ, ఇంటికొచ్చి విచారించే సమయం కూడా కలుపుకోవాలి. ఏడు రోజుల పని మూడు రోజుల్లో ఎలా అవుతుంది? ముసాయిదా చూసి మేలుకున్నవాళ్లకు ఆ ఎన్నికలో ఓటు దాదాపు పోయినట్టే. ఈ సంగతి వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పడం లేదు.

చేతిలో ఎపిక్ కార్డు, అంటే ఓటరు గుర్తింపు కార్డు, ఉంటే ఓటు ఉన్నట్టేనని జనం నమ్మకం. కార్డు గుర్తింపు కోసమే. ఓటు వేయాలంటే జాబితాలో పేరు ఉండాలి. జాబితాలో పేరుండి కార్డు పోగొట్టుకున్న మనిషి ఆధార్, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి చూపించి ఓటేయొచ్చు. కార్డుండి జాబితాలో పేరు లేని మనిషి మాత్రం వెనక్కి పోవాల్సిందే.

కాబట్టి మీ ప్రచారంలో మొదటి మాట "పంచాయతీలో ఓటు కావాలంటే ముందు అసెంబ్లీ జాబితాలో పేరు చూసుకోండి" అని ఉండాలి. కొత్తవాళ్లకు ఫారం 6. ఊరు మారినా, అదే నియోజకవర్గంలో ఇల్లు మారినా, పేరు తప్పు పడినా, కార్డు పోయినా ఫారం 8. పేరు తొలగించాలంటే ఫారం 7. వీటిలో ఎక్కువ చిక్కు తెచ్చేది ఊరు మారినవాళ్లు ఫారం 8 బదులు ఫారం 6 నింపడం. అప్పుడు ఒకే మనిషికి రెండు చోట్ల పేరు పడుతుంది. చట్టం దాన్ని ఒప్పుకోదు. తర్వాత రెండిట్లో ఒకటి తీసేసేటప్పుడు ఆ మనిషికి కావాల్సినదే పోయే ప్రమాదం ఉంది. పైగా పాత ఓటు దాచి తప్పుడు ప్రకటన ఇస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఫారం 6లో అందరూ తేలిగ్గా తీసుకునే గడి ఒకటుంది. ఇప్పటికే ఓటున్న కుటుంబ సభ్యుల పేరు, ఎపిక్ నంబరు రాయమని అడుగుతుంది. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు అక్కడ అత్త నంబరు రాసి, ఇంటి నంబరు కూడా జాబితాలో ఉన్నట్టే రాస్తే ఆమె పేరు ఆ ఇంటి కిందే పడే అవకాశం ఎక్కువ. ఖాళీగా వదిలేస్తే ఎక్కడో చివర పడొచ్చు. పంచాయతీ ఎన్నికలో అది పెద్ద తేడా, ఎందుకంటే అక్కడ వార్డే నియోజకవర్గం.

వయసు లెక్క కూడా చాలామందికి తెలియదు. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. జులై 5న పద్దెనిమిది నిండే అమ్మాయికి అక్టోబరు 1 నుంచే అర్హత. అయితే పదిహేడు నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లలకు ఈ మాట కాలేజీలోనే చెప్పాలి.

మేం అడుగుతున్న తేదీ సంగతి ఇక్కడే వస్తుంది. స్థానిక ఎన్నికకు ఏ అసెంబ్లీ జాబితాను ఆధారం చేసుకుంటారు, ఈఆర్‌ఓ ఏ రోజు దాకా ఆమోదించిన పేర్లు అందులోకి వస్తాయి? ఇది ముసాయిదా పెట్టడానికి కనీసం నెల రోజుల ముందు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీ దగ్గర కనిపించాలి. పొరుగు రాష్ట్రం అనుభవం మన కళ్ల ముందే ఉంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరిగాయి. కొత్త జాబితా సమయానికి సిద్ధం కాలేదు. దానివల్ల 3.6 లక్షల మంది యువత ఓటు కోల్పోతున్నారని అప్పటి అక్కడి ఎన్నికల కమిషనే చెప్పింది. వాళ్ల వైపు నుంచి తప్పేమీ లేదు. ఆధారంగా తీసుకున్న జాబితా పాతది, అంతే.

ఇక వార్డుల విభజన. అసెంబ్లీ జాబితా పోలింగ్ కేంద్రాలవారీగా ఉంటుంది. దాన్ని అయిదు నుంచి ఇరవై ఒకటి దాకా ఉండే వార్డుల్లోకి ఇంటి నంబర్ల ఆధారంగా సర్దుతారు. ఇంటి నంబరు సరిగా ఉంటే చిక్కే లేదు. జాబితాలో ఒకే ఇంట్లో తండ్రికి 3-45 అని, పెద్ద కొడుక్కి 3-45/1 అని, కోడలికి సున్నా అని ఉన్నాయనుకోండి. సున్నా నంబరు ఏ వార్డుకూ చెందదు. ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి పెడతారు. భర్తది మూడో వార్డు, భార్యది ఏడో వార్డు అవుతుంది. 2018లో తండాలు, శివారు పల్లెలు నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. అసెంబ్లీ జాబితాలో తండా ఓటర్లు పాత ఊరి వీధి పేరు కిందే ఉండిపోతే, వాళ్ల పేర్లు పాత పంచాయతీకే పోతాయి. మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గాల జాబితాను పంచాయతీ జాబితాల నుంచే కూరుస్తారు కనుక ఈ తప్పు అక్కడికీ పాకుతుంది.

ముసాయిదా చూసే పద్ధతి జనానికి నేర్పితే సగం గొడవ తగ్గుతుంది. పంచాయతీ జాబితాలో ప్రతి పేరు దగ్గర అసెంబ్లీ నియోజకవర్గం సంఖ్య, పోలింగ్ కేంద్రం సంఖ్య, అందులో క్రమసంఖ్య మధ్యలో గీతలతో వరసగా ముద్రించి ఉంటాయి. మనిషి ముందు అసెంబ్లీ జాబితాలో తన పోలింగ్ కేంద్రం, క్రమసంఖ్య తెలుసుకోవాలి. కేంద్ర ఎన్నికల సంఘం యాప్‌లో గానీ, 1950 నంబరుకు ఫోన్ చేసి గానీ దొరుకుతాయి. అక్కడే పేరు లేకపోతే అది ఈఆర్‌ఓ పని, తహసీల్దార్ కార్యాలయంలో కదలాలి. అక్కడ ఉండి పంచాయతీ జాబితాలో లేకపోయినా, వేరే వార్డులో పడినా అది విభజనలో జరిగిన పొరపాటు, దానికి పంచాయతీలో లేదా మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) దగ్గర రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేని అభ్యంతరానికి తర్వాత ఆధారం ఉండదు. ఈ రెండు దారులు తెలియక మనిషి మూడు ఆఫీసుల మధ్య తిరుగుతాడు, ఈలోగా గడువు అయిపోతుంది.

అభ్యంతరాల గడువు కనీసం ఏడు రోజులు ఉండాలి, అందులో ఒక ఆదివారం ఉండాలి. కూలికి పోయేవాళ్లు పగటిపూట పంచాయతీ ఆఫీసుకు రాలేరు. ఆ వారంలో ఒక సాయంత్రం గ్రామసభ పెట్టి వార్డులవారీగా పేర్లు చదివించండి. ఏ ఇల్లు ఏ వార్డులోదో ఊరివాళ్లకు తెలిసినంతగా కంప్యూటర్‌కు తెలియదు. చనిపోయినవాళ్లు, పెళ్లయి వెళ్లినవాళ్లు, పేరు తప్పిన తండావాళ్లు ఒక్క పూటలో తేలిపోతారు.

తొలగింపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాలమూరు నుంచి వలస పోయిన కుటుంబం ఇంటికి తాళం కనబడగానే "ఊరు వదిలిపోయారు" అని రాసుకోవడం సరికాదు. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని 1950 చట్టం సెక్షన్ 20 చెబుతోంది. ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన నివాసం ఉన్నట్టు కాదనీ అదే సెక్షన్ చెబుతోంది. రెండూ చూసి తేల్చాలి. ఫారం 7 వస్తే ఆ ఓటరుకు నోటీసు ఇచ్చి, చెప్పేది వినాలి. ఈఆర్‌ఓ నిర్ణయం మీద కలెక్టరుకు పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. కానీ స్థానిక ఎన్నికల షెడ్యూలు ముందు పదిహేను రోజులు చాలా ఎక్కువ. అందుకే ఆధార జాబితా తేదీకి ముందు నెలలో జరిగిన తొలగింపుల జాబితాను విడిగా పంచాయతీలో పెట్టించమని అడుగుతున్నాం. గల్ఫ్‌లో ఉండి ఫారం 6ఏ ద్వారా అసెంబ్లీ జాబితాలో నమోదైనవాళ్ల విషయంలో ఏం చేయాలో కూడా ఎంపీడీఓలకు ఒక స్పష్టమైన ఆదేశం కావాలి.

పోలింగ్ రోజు గురించి కొద్దిగా. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మూడు విడతల్లోనూ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకానే ఓటింగ్. పట్నం నుంచి పొద్దున బస్సెక్కేవాళ్లకు ఈ సమయం ముందే గట్టిగా తెలియాలి. ఒంటిగంటకు వరసలో ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంటుందని కూడా చెప్పాలి. సర్పంచుకు గులాబీ, వార్డు సభ్యుడికి తెలుపు బ్యాలెట్. వాటి మీద అభ్యర్థుల పేర్లుండవు, గుర్తులే ఉంటాయి. కాబట్టి ఓటరు రెండు గుర్తులు మనసులో పెట్టుకుని వెళ్లాలి. ముద్ర ఒక్క గుర్తు మీదే పడాలి. రెండు గుర్తుల మీద పడినా, ఎవరు వేశారో తెలిసేలా సంతకం గానీ వేలిముద్ర గానీ ఉన్నా ఓటు చెల్లదు. కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి ముద్ర ఇంకో గుర్తు మీద అచ్చుపడుతుంది. ఒక్క ఓటు తేడాతో సర్పంచు తేలే ఊళ్లున్న చోట ఈ మడత చూపించడానికి పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర ఒక బొమ్మ పెడితే చాలు.

ఓటరు చీటీలో వార్డు నంబరు, క్రమసంఖ్యతో పాటు బడిలో ఏ గదో కూడా రాయించండి. ఒకే బడిలో నాలుగైదు వార్డుల కేంద్రాలు ఉంటున్నాయి. ముసలివాళ్లు ఒక వరసలో గంట నిలబడి, అది తమది కాదని తెలిసి ఇంకో వరస చివరికి పోతున్నారు.

వీటిలో చాలావాటికి చట్టం మార్చనక్కరలేదు, మీ ఉత్తర్వు చాలు. ఆధార జాబితా తేదీ, ఏడు రోజుల గడువు, గ్రామసభలో పేర్లు చదవడం, ఈ మూడింటినీ వచ్చే షెడ్యూలులోనే చేర్చి, ఆ ఉత్తర్వు ప్రతిని ప్రతి పంచాయతీ కార్యదర్శికీ తెలుగులో పంపించమని కోరుతున్నాం.

ఇట్లు
గ్రామస్థాయిలో ఓటరు జాబితాల పరిశీలనలో ఉన్న కార్యకర్తలు