పర్యావరణ హిత పెరడు అని చెప్పి పురుగుమందు పోశారు

తెనాలి మండలం, గుంటూరు జిల్లా
ఆగస్టు 18

తోటల నిర్మాణ సంస్థ మేనేజరు గారికి,

విషయం: ఒప్పందానికి విరుద్ధంగా మా పెరట్లో పురుగుమందు వాడటం, దానివల్ల తొమ్మిది కోళ్లు చనిపోవడం గురించి.

అయ్యా,

మా ఇంటి వెనక ఇరవై రెండు సెంట్ల స్థలం ఉంది. మా అత్తగారు ఉన్నన్నాళ్లు అక్కడ బీరపాదులు, మునగ చెట్లు, పది పదిహేను కోళ్లు ఉండేవి. ఆవిడ పోయాక ఆరేళ్లు ముళ్లపొదలతో నిండిపోయింది. ఉద్యోగ విరమణ తరువాత దాన్ని మళ్లీ పెరడుగా చూసుకోవాలన్న ఆశతో మే నెలలో మీ దగ్గరికి వచ్చాను. ఏ రసాయనమూ వాడరాదని, ఆ నేల మీద కోళ్లు తిరుగుతాయని నేనే పట్టుబట్టి ఒప్పందంలో రాయించాను. రెండో పేజీలో ఉంది, చూడండి. ఒప్పుకున్న 2,85,000 రూపాయల్లో 2,40,000 ఇప్పటికే చెల్లించాను.

జూలై నెలాఖరుకు కోళ్ల గూడు పూర్తయింది. అందులోకి పదకొండు గ్రామప్రియ పెట్టలను తెచ్చుకున్నాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకం అది. కొక్కెర తెగులుకు, మశూచికి టీకాలు వేయించిన పెట్టలు. అప్పుడప్పుడే గుడ్లు మొదలయ్యాయి.

ఆగస్టు 8న నేను గుంటూరు వెళ్లిన పూట మీ మనుషులు గూటి గుంజల మొదళ్లలోనూ ప్రహరీ పొడవునా మందు పోశారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెరడంతా ఘాటు వాసన. ఏమిటని అడిగితే 'ఏమీ లేదమ్మా, గుంజలకు రంగు' అన్నారు. మర్నాడు తెల్లవారి గూడు తెరిచాను. పెట్టలు ఎప్పటిలాగే ప్రహరీ వెంట మట్టి గీరుకుంటూ తిరిగాయి. తొమ్మిది గంటలకల్లా ఒక్కొక్కటే నిలబడలేక కూలబడింది. ముక్కుల నుంచి చొంగ, రెక్కల్లో వణుకు. సాయంత్రానికి తొమ్మిది పోయాయి. మండల పశువైద్యులు వచ్చి విషానికి విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఇవ్వడంతో రెండు బతికాయి. చనిపోయిన వాటిని కోసి చూస్తే మేతసంచి నిండా చెదలు. గూటి వెనక మీవాళ్లు పారేసిన ఖాళీ డబ్బా దొరికింది. చెదల మీద పోసే క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు, 20 శాతం, చాలా విషమని తెలిపే పసుపు త్రికోణం గుర్తుతో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అత్తగారు పగిలిన కుండలో పేడ, తడిపిన గోనెగుడ్డ పెట్టి సాయంత్రం పెరట్లో బోర్లించేవారు. తెల్లవారేసరికి అందులో చెదలు పుట్టలుగా పట్టేవి. కోడిపిల్లలకు అంతకు మించిన మేత లేదనేవారు. చెదలున్న నేలలో కోళ్లను పెంచితే చెదలు కోళ్లకు మేత, కోళ్ల పెంట నేలకు ఎరువు. ఈ మాట మీ నమూనా చిత్రం పరిచిన రోజున మీకు వివరంగా చెప్పాను. మీ ఇంజనీరు తలూపి రాసుకున్నారు కూడా. ఏ పురుగు కోసం నేను కోళ్లను తెచ్చానో ఆ పురుగునే మీరు విషంగా మార్చి వాటి ముందు పోశారు.

ఫోను చేస్తే మీ సూపర్‌వైజరు మొదట కొక్కెర తెగులు అన్నారు. వైద్యుల నివేదిక పంపాక, చెదల మందు మామూలేనని, ఇళ్ల పునాదుల కింద కూడా పోస్తారని అన్నారు. పునాది కిందికి కోడి వెళ్లి గీరదు కదా! గుంజలకు చెద పడుతుందన్న భయం ఉంటే చేవదేరిన తాటి దుంగలు వాడవలసింది, లేదా రాతి దిమ్మెల మీద నిలబెట్టవలసింది. మా ఊళ్లో పాత పశువుల పాకలన్నీ అలా కట్టినవే.

మిగతా పని చూసినా నాకు నమ్మకం కలగడం లేదు. అవిసె, కరివేపాకు, మందార నాటుతామని బావి వైపు వరసగా కోనోకార్పస్ నాటారు. వేళ్లు పైపుల్లోకి, కాలువల్లోకి దూరతాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించిన మొక్క అది. బాటల మీద ఎండుటాకులు పరుస్తామని చెప్పి, కింద ప్లాస్టిక్ అల్లిక గుడ్డ పరిచి పైన నాలుగు ఆకులు చల్లారు. కోళ్లు గీరిన చోటల్లా దారాలు పైకి లేచాయి.

నేను అడిగేవి ఇవి. చెల్లించిన 2,40,000 రూపాయలు తిరిగి ఇవ్వండి, దానితో పాటు చనిపోయిన పెట్టల ఖరీదు, వైద్యం ఖర్చు కూడా. మందు పోసిన మేర అర అడుగు మట్టి తీసి కొత్త మట్టి వేయించండి. తీసిన మట్టిని మా వీధి చివరి పంట కాలువలో మాత్రం పోయకండి, అందులో చేపలున్నాయి, దిగువన పశువులు తాగుతాయి. కోనోకార్పస్ మొక్కలు వేళ్లతో సహా పీకించండి, ప్లాస్టిక్ గుడ్డ తీయించండి.

'పర్యావరణ హితం' అని ప్రకటించుకునే వారు దానికి ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు జారీ చేసింది. పదిహేను రోజుల్లో మీ జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. ఒప్పందం, రసీదులు, డబ్బా ఫొటోలు, వైద్యుల నివేదిక నా దగ్గర భద్రంగా ఉన్నాయి, నకళ్లు జతచేస్తున్నాను.

బతికిన రెండు పెట్టలు పది రోజులుగా వసారాలో గంప కింద ఉన్నాయి. మందు ఎన్ని లీటర్లు, ఏ మోతాదులో, ఎక్కడెక్కడ పోశారో మీ సంతకంతో రాసి పంపండి. అది చూపిస్తేనే వాటిని నేల మీదికి ఎప్పుడు వదలవచ్చో చెప్పగలనని వైద్యులు అంటున్నారు.

ఇట్లు,
మీ ఖాతాదారు