తలనొప్పి బిళ్లల గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

విషయం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మైగ్రేన్‌ చికిత్స, ఆ మందుల దుష్ప్రభావాలు.

పార్శ్వనొప్పి (మైగ్రేన్‌) ఉన్నవాళ్లలో చాలామంది ముందు వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, వీధి చివరి మెడికల్‌ షాపుకి. అక్కడ చీటీ లేకుండానే చేతిలో పడే బిళ్లల్లో ఒక రకం ఉంది. అందులో ఎర్గోటమిన్‌ 1 మిల్లీగ్రాము, కెఫీన్‌ 100, పారాసెటమాల్‌ 250, వాంతి ఆపే ప్రోక్లోర్‌పెరజైన్‌ 2.5 కలిసి ఉంటాయి. నొప్పి తగ్గుతుంది కాబట్టి మళ్లీ అదే కొంటారు. ఇలాంటి మిశ్రమ బిళ్లలు నెలలో 10 రోజులు, లేదా విడి పారాసెటమాల్‌, నాప్రోక్సెన్‌ వంటివి 15 రోజులు, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. అప్పుడు నొప్పి రోజూ ఉంటుంది, బిళ్ల కూడా రోజూ కావాలి.

ఎర్గోటమిన్‌తో అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. అది రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. వేళ్లు చల్లబడటం, తిమ్మిరెక్కడం, నడిస్తే పిక్కలు నొప్పెట్టడం దాని తొలి గుర్తులు. మన దగ్గర మైగ్రేన్‌ను తరచూ సైనస్‌ అనుకుని యాంటీబయాటిక్‌ ఇస్తుంటారు. అది క్లారిత్రోమైసిన్‌గానీ ఎరిత్రోమైసిన్‌గానీ అయితే, ఎర్గోటమిన్‌ను విరిచే కాలేయపు ఎంజైమును అడ్డుకుంటుంది. మందు రక్తంలో పేరుకుపోయి, వేళ్లు నల్లబడి తీసేయాల్సిన స్థితి రావచ్చు. హెచ్‌ఐవీకి రిటోనవిర్‌ వాడేవాళ్లకూ ఇదే ముప్పు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ బిళ్ల ముట్టుకోకూడదు. ఇక ప్రోక్లోర్‌పెరజైన్‌ వల్ల కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లకు, మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి లాగేస్తాయి. ఇంట్లోవాళ్లు ఫిట్స్‌ అనో గాలి సోకిందనో హడలిపోతారు. అది మందు ప్రభావమని గుర్తుపడితే ప్రోమెథజైన్‌ ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది.

చీటీ లేకుండా ఎర్గోటమిన్‌ అమ్మకం ఆగేలా డ్రగ్‌ ఇన్‌స్పెక్టర్ల తనిఖీల్లో దీన్ని ప్రత్యేకంగా చేర్చండి. అయితే తనిఖీ ఒక్కటే చాలదు. షాపులో ఆ బిళ్ల దొరకని మనిషికి పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో సరైన మందు దొరకాలి.

నొప్పి మొదలైన గంటలోపే నాప్రోక్సెన్‌ 500 లేదా పారాసెటమాల్‌ 1000 మిల్లీగ్రాములు, వాంతి వచ్చేలా ఉంటే డోంపెరిడోన్‌ 10 కలిపి వేసుకోవాలి. "కాసేపు చూద్దాం" అని ఆగితే కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన బిళ్ల అక్కడే ఉండిపోతుంది. దానికీ లొంగకపోతే మైగ్రేన్‌ నొప్పికే వాడే సుమాట్రిప్టాన్‌ 50 మిల్లీగ్రాములు వేసుకోవాలి. తగ్గిన నొప్పి తిరగబెడితే రెండు గంటల తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు గానీ రోజుకు 200 దాటకూడదు. ఎర్గోటమిన్‌ వేసుకున్న 24 గంటల్లోపు దీన్ని వేసుకోకూడదు. ఛాతీ, మెడ కాసేపు బిగుతుగా అనిపించవచ్చు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది ఇవ్వకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సుమాట్రిప్టాన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన కేంద్రాల అరల్లోనూ అది ఉండాలి.

నెలకు నాలుగు రోజులు, అంతకుమించి నొప్పి వచ్చేవాళ్లకు నివారణ మందు కావాలి. అసలు చిక్కు ఇక్కడే. దుష్ప్రభావం మొదటి రోజు నుంచే తెలుస్తుంది, గుణం కనిపించడానికి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా చీటీ రాసిస్తే మూడో వారానికి మందు మానేస్తారు. ఈ నివారణ మందుల్లో అమిట్రిప్టిలిన్‌ను 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పడుకునేటప్పుడు కాకుండా రాత్రి ఎనిమిదింటికే వేసుకోమంటే పొద్దున మత్తు చాలావరకు తగ్గుతుంది. నోరెండటం, మలబద్ధకం వస్తాయని ముందే చెప్పాలి. ప్రొప్రనొలాల్‌ 20 చొప్పున రెండు పూటలు మంచి ఆరంభం. ఉబ్బసం ఉంటే వద్దు, ఒక్కసారిగా మానకూడదు. ఫ్లునారిజైన్‌ రాసి ఏళ్ల తరబడి కొనసాగించడం మాకు బాగా బాధ కలిగించే విషయం. బరువు పెరుగుతుంది, మనసు కుంగుతుంది, పెద్దవయసువాళ్లకు వణుకు, నడకలో మందగింపు వస్తాయి. మూడో నెల సమీక్షించి, ఆరో నెల ఆపి చూడాలి. టోపిరామేట్‌ వారానికి 25 చొప్పున పెంచాలి. వేళ్ల చిమచిమ, మాట తట్టకపోవడం, కిడ్నీలో రాళ్లు దాని దుష్ప్రభావాలు. చెమట కూడా తగ్గిస్తుంది కాబట్టి మన మే నెల ఎండల్లో, ముఖ్యంగా పిల్లల్లో, జాగ్రత్త కావాలి. కన్ను నొప్పెట్టి చూపు మసకబారితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలకు మైగ్రేన్‌ కోసం వాల్‌ప్రోయేట్‌ అనే ఫిట్స్‌ మందు రాయనే రాయకూడదు. టోపిరామేట్‌ కూడా గర్భస్థ శిశువుకు హానే.

మరో మాట. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనపడే స్త్రీలకు మాలా-ఎన్‌ వంటి ఈస్ట్రోజన్‌ ఉన్న గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి. మాత్రలు చేతికిచ్చే ముందు ఏఎన్‌ఎం ఈ ఒక్క ప్రశ్న అడిగి, ఉందంటే కాపర్‌-టీ వంటి దారి చూపాలి.

షాపు బిళ్లకు అలవాటుపడినవాళ్లు మానిన తర్వాత రెండు నుంచి పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఆ రోజులు దాటలేకే మళ్లీ షాపుకు వెళ్తారు. నివారణ మందు అదే రోజు మొదలుపెట్టి, ఆశా కార్యకర్త ఆ పది రోజుల్లో ఒకటి రెండుసార్లు పలకరిస్తే చాలామంది నిలబడతారు. ట్రామడాల్‌ వంటి మత్తు రకం నొప్పి మందులు వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా కాక, డాక్టరు చూస్తుండగా తగ్గించుకోవాలి.

నివారణ మందులను బీపీ, షుగరు మందుల్లాగే నెలకు సరిపడా ఇప్పించండి. నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మందు రాసుకునే ఒక పేజీ కార్డు తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించండి. మందు వికటించిన సంగతి తెలిపే ఉచిత నంబరు 1800-180-3024ను ఆ కార్డు వెనుక, ప్రతి మందుల కౌంటరు దగ్గర రాయించండి.

భవదీయులు,
మైగ్రేన్‌ రోగులకు సేవ చేస్తున్న వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు