కంటి శిబిరాల్లో దగ్గరి చూపూ పరీక్షించాలి

సంపాదకుడు గారికి, నమస్కారం.

మన విశాఖ నగరంలో వార్డుల వారీగా జరిగే కంటి శిబిరాల్లో ముఖ్యంగా వెతికేది శుక్లాలనే. దూరం చార్టు చదివించి, టార్చి వేసి చూసి, శుక్లం లేదని తేలితే 'మీ కళ్లు బాగున్నాయమ్మా' అని పంపేస్తారు. నలభై అయిదేళ్ల టైలరు ఇబ్బంది ఆ చార్టులో దొరకదు. ఆవిడ చివరి వరస దాకా గడగడా చదివేస్తుంది, సూదిలో దారం మాత్రం ఎక్కించలేదు.

ఇలా వయసుతో దగ్గరి చూపు తగ్గడాన్నే చత్వారం అంటారు. అది జబ్బు కాదు. కంటి లోపలి కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బాల్సినంత ఉబ్బదు. నలభై దాటాక మొదలై అరవై దాకా పెరుగుతుంది. వ్యాయామాలు, క్యారెట్లు దాన్ని ఆపవు. అద్దాలు అలవాటైతే సైటు పెరిగిపోతుందన్న భయమూ ఉత్తదే, పెట్టుకున్నా మానినా అది పెరిగేంత పెరుగుతుంది. చుక్కల మందుతో అద్దాలు వదిలేయొచ్చని 2024లో ఊదరగొట్టారు. ఆగస్టులో అనుమతి పొందిన ఆ మందును, ప్రచారం శ్రుతి మించిందని సెప్టెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నిలిపేసింది. అలాంటి చుక్కలు కంటిపాపను చిన్నది చేసి కొన్ని గంటలపాటు దగ్గరి చూపు తెప్పిస్తాయి, అంతే. మసక వెలుతురులో చూపు తగ్గుతుంది కాబట్టి రాత్రిపూట బండి నడిపేవారు జాగ్రత్తపడాలి.

ఇక అద్దాలు. దూరం చూపు బాగున్నవారికి నలభై దాటిన కొత్తలో +1.00 పవర్, యాభై దాటాక +2.00, అరవైకి +2.50 అనేది ఉజ్జాయింపు లెక్క. ఇది 40 సెంటీమీటర్ల దూరంలో పేపరు చదవడానికి. చేసే పని ఎంత దూరంలో ఉంటుందో ఎవరూ అడగరు. అరవై ఏళ్ల మనిషికి కంప్యూటరు తెర 65 సెంటీమీటర్లలో ఉంటే +1.50 చాలు. సగం చాచిన చేతిలో వల పట్టుకుని అల్లేవారికి +2.00 సరిపోతుంది. కురుపాం మార్కెట్లో నగ పనిని 30 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుని చూసే కంసాలికి +3.00 దాటాల్సి రావచ్చు. ముగ్గురిదీ ఒకే వయసు, కళ్లద్దాలు మాత్రం వేరు.

రోడ్డు పక్క దొరికే రెడీమేడ్ అద్దాలను తీసిపారేయక్కర్లేదు, చాలామందికి సరిపోతాయి. అయితే అక్కడ జరిగే పొరపాటు ఒక్కటే: అక్షరాలు పెద్దగా కనిపిస్తున్నాయని ఎక్కువ పవర్ కొనేస్తారు. తీరా పనిలో కూర్చుంటే వస్తువును ముఖం దగ్గరికి తెచ్చుకోవాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కొనేటప్పుడు పేపరును మెల్లగా దగ్గరికి, దూరానికి జరపండి. అక్షరాలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తేటగా ఉన్నాయో చూడండి. మీ పని దూరం దానికి మధ్యలో పడాలి. కాస్త అటూఇటూగా ఉంటే తక్కువ పవరే నయం. ఒక్కో కన్ను మూసి చూడండి, రెండు కళ్లకూ తేడా ఉంటే రెడీమేడ్ పనికిరాదు. అద్దాన్ని చేయి చాచి పట్టుకుని కిటికీ ఊచ మీదుగా కదిపితే ఊచ వంకర్లు పోతోందా, ఆ జత వదిలేయండి. కళ్ల మధ్య దూరానికి అద్దాల కేంద్రాలు కుదరకపోతే +1.00లో పెద్దగా తెలియదు గానీ +2.50లో తలనొప్పి తెప్పిస్తాయి.

షుగరు ఉన్నవారు అది అదుపులో లేని రోజుల్లో పవర్ రాయించుకోకూడదు, షుగరుతో పాటు పవరూ మారుతుంది. అరవై దాటాక ఉన్నట్టుండి అద్దాల్లేకుండా చదవగలుగుతున్నామని సంబరపడేవారికి చాలాసార్లు శుక్లం మొదలై ఉంటుంది. నీటికాసుల జబ్బుకు (గ్లాకోమా) మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. అందుకే నలభై దాటినవారు రోడ్డు పక్క జత కొన్నా, ఒకసారి కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్ష చేయించుకోవాలి. కొండవాలు కాలనీల్లో నిటారు మెట్లు ఎక్కిదిగే పెద్దలకు బైఫోకల్ (పై సగం దూరానికి, కింది సగం దగ్గరికి ఉండే అద్దం) ఇచ్చేముందు ఆలోచించాలి. కింది సగంలోంచి చూస్తే మెట్టు అలుక్కుపోయి కనిపిస్తుంది, అడుగు తప్పుతుంది. దూరానికి ఒకటి, దగ్గరికి ఒకటి విడిగా ఉండటమే వాళ్లకు క్షేమం.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి అద్దాలిచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అద్దాలు లేనివారితో పోలిస్తే వాళ్లు కోసే ఆకు సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. కూలి డబ్బుల మీద ఇంత ప్రభావం ఉన్న వస్తువును మన శిబిరాలు పట్టించుకోకపోవడం అన్యాయం.

నగరపాలక సంస్థ జీవీఎంసీని, వైద్య ఆరోగ్య శాఖను కోరేది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి శిబిరంలో తెలుగు అక్షరాల దగ్గరి చూపు కార్డు, 40 సెంటీమీటర్లు కొలిచి ముడి వేసిన తాడు, మంచి దీపం ఉండాలి. +1.00 నుంచి +3.00 వరకు అర పవర్ తేడాతో జతలు పెట్టాలి. పేరు రాసుకునేటప్పుడే 'ఏం పని చేస్తారు?' అని అడగాలి. కళ్లద్దాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. మొదటి శిబిరం ఫిషింగ్ హార్బర్‌లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలో పెడితే మంచిది. మనుషులు ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకునేదీ అప్పుడే.

— ఒక ఆప్టోమెట్రిస్టు, విశాఖపట్నం