మూలికలు ఎవరు వాడకూడదో కూడా రాయండి

సంపాదకుల వారికి,

పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఏ మూలిక గురించి రాసినా ‘రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అనే మాట తప్పడం లేదు. ఎవరు వాడకూడదన్నది తరచూ ఎగిరిపోతోంది.

మన రక్షణ వ్యవస్థకు దాడి చేయడం ఎంత అవసరమో, ఆగడం తెలియడమూ అంతే అవసరం. ఆగకపోతే సొంత కణాల మీదే పడుతుంది. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) వంటి జబ్బులు అలా వచ్చేవే. అవి ఉన్నవారు రక్షణ శక్తిని ఇంకా ‘పెంచుకోబోతే’ అగ్నికి ఆజ్యం పోసినట్టే.

తిప్పతీగనే తీసుకోండి. వాడినవారిలో కొందరికి ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను (రక్షణ వ్యవస్థే కాలేయంపై దాడి చేసే జబ్బు) పోలిన కాలేయ వాపు వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. ఇది సాధారణంగా వారాలో నెలలో వాడాక బయటపడుతుంది. ముందు ఆకలి మందగిస్తుంది, ఒళ్లు దురద పెడుతుంది, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, ఆపైన కళ్లు పచ్చబడతాయి. వెంటనే మూలిక ఆపి కాలేయం పనితీరు చెప్పే బిలిరుబిన్, ఎఎల్‌టి రక్తపరీక్షలు చేయించాలి. కామెర్లు కదా అని ఇంకో ఆకు పసరు మింగడం మొదలుపెడితే ఉన్న కాస్త వ్యవధీ పోతుంది.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది.

అవయవ మార్పిడి చేయించుకున్నవారి విషయం ఇంకా సున్నితం. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మందులను విచ్ఛిన్నం చేసే కాలేయంలోని సివైపి3ఎ4 ఎంజైమ్‌ను పెంచి, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే సైక్లోస్పోరిన్ మందు స్థాయిని రక్తంలో తగ్గించేస్తుంది. ఇద్దరు గుండెమార్పిడి రోగుల శరీరాలు కొత్త గుండెను ఇలాగే తిరస్కరించడం మొదలుపెట్టాయని 2000లో లాన్సెట్ ప్రచురించింది.

కల్తీ సంగతి వేరే చెప్పాలి. నాలుగు రోజుల్లో కీళ్లనొప్పులు మాయం చేసే పొడిలో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాల్సిందే. అది ఇమ్యూనిటీని పెంచకపోగా అణచివేస్తుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

కాబట్టి మూలిక గురించి ప్రచురించినప్పుడల్లా వేరా, కాండమా, ఆకా, పొడా, ఎక్స్‌ట్రాక్టా (గాఢమైన సారమా), ఎన్ని గ్రాములు, ఎన్ని రోజులు అన్నవి ఇవ్వండి. గ్రాము వేరు పొడీ గ్రాము ఎక్స్‌ట్రాక్టూ ఒకటి కావు. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, టాక్రోలిమస్, మెథోట్రెక్సేట్ వంటి రక్షణ వ్యవస్థను అణచే మందులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోవద్దని అదే పెట్టెలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఆపరేషన్ ఉన్నవారు ఏం వాడుతున్నారో కనీసం రెండు వారాల ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి, వీలైతే సీసానే తీసుకెళ్లి చూపించాలి.

— ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు